పిల్లోడు చెయ్యెత్తితే తప్పు సినిమాదా, అమ్మానాయనలదా?

పోస్టు పొడుగ్గా ఉంది. బస్సులోనో, కుప్పం నుంచి బెంగళూరు పొయ్యే రైల్లోనో కూర్చున్నప్పుడు చదవండి, సగంలో వదిలేయొద్దు.

ఎక్కడ చూసినా ఈ మధ్య ఒకటే వాదన. పిల్లోళ్లు కత్తులతో కేకులు కోస్తా ఉండారు, జాతరలో డీజే కాడ మాటా మాటా పెరిగి తలలు పగలగొట్టుకుంటా ఉండారు, పదో తరగతి చదివేవాడు అయ్యవారి మీదికి చెయ్యెత్తుతా ఉండాడు. సినిమాలు చెడగొట్టినాయని కొందరు, పెంపకం బాగాలేదని కొందరు. చదువుకున్నోళ్లు మాట్లాడేటప్పుడు రెండో మాటే ఎక్కువ వినబడుతుంది. అందులోనూ మన తండాల పిల్లోడైతే, మన ఎరుకల, యానాది కాలనీ పిల్లోడైతే, ఆ మాట ఇంకా తొందరగా వస్తుంది: "వాళ్ల ఇళ్లే అంత." ఈ పోస్టు ముఖ్యంగా ఆ మాట గురించే. అయితే ముందు సినిమా సంగతి చూద్దాం.

2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని తెలంగాణ విద్యా కమిషన్ ముందు మాట్లాడిన వీడియో మనలో చానామంది చూసినారు. పుష్ప సినిమా వచ్చినాక పిల్లోళ్ల జుట్టు, మాట, నడక అన్నీ మారిపోయినాయనీ, తల్లిదండ్రుల్ని పిలిపించినా వాళ్లు పట్టించుకోరనీ ఆమె బాధపడింది. ఆమెను ఎగతాళి చేసినోళ్లు కూడా ఉండారు. మేము చెయ్యం. రోజూ యాభై అరవైమంది ముందు నిలబడే మనిషి కళ్లతో చూసింది చెప్పింది. ఆ రెండు నిమిషాల మాటలోనే మన వాదన మొత్తం ఉంది: ఒక పక్క సినిమా, ఒక పక్క ఇల్లు.

పుష్ప మనకు పక్కింటి సినిమా. కథ మన చిత్తూరు జిల్లాది, మాట మన మాట, అడవి శేషాచలం. 2021 డిసెంబరు 17న మొదటి భాగం వచ్చింది, 2024 డిసెంబరులో రెండోది. మొదటిదానికి అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, తెలుగు హీరోకి అది మొదటిసారి. మన యాసలో హీరో మాట్లాడతా ఉంటే మనకూ ఒళ్లు పులకరించింది, దాచుకోవాల్సింది ఏముంది? ఇన్నేళ్లూ మన యాస కమెడియన్లకో, రౌడీలకో పెట్టేవాళ్లు కదా.

అయితే మన పిల్లోళ్లకు అందులో ఏం నచ్చింది? గొడ్డలి అనుకుంటారు పెద్దోళ్లు. మేము అడిగి చూసినాం. గొడ్డలి గురించి చెప్పినోడు ఒక్కడూ లేడు. యజమాని ముందర కూలోడు కాలు మీద కాలేసుకుని కూర్చోవడం గురించి చెప్పినారు. ఇంటిపేరు లేదని నలుగుర్లో అవమానపడ్డ పిల్లోడు ఎవరికీ తల వంచకపోవడం గురించి చెప్పినారు. స్కూల్లో రిజిస్టరు పిలిచేటప్పుడు పేరు పక్కన ఎస్టీ అని వినబడితే వెనక బెంచీలో నవ్వినోళ్లు ఉండారే, ఆ నవ్వు విన్నోడికి ఆ సీను ఎట్లా తగులుతుందో మీకు చెప్పాల్సిన పనిలేదు. సినిమా ఒక కొత్త కోపాన్ని పుట్టించలేదు. ముందు నుంచి ఉన్న కోపానికి గడ్డం కింద చెయ్యి పెట్టే ఒక స్టైలు ఇచ్చింది.

ఇంక ఆ సినిమా చూపించనిది ఒకటుంది. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలం అడవిలో, చంద్రగిరి మండలంలో, ఎర్రచందనం టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో 20 మంది చనిపోయినారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినోళ్లు. వాళ్లలో చానామంది జవ్వాది కొండల వైపు నుంచి వచ్చిన మలయాళీ అనే తెగవాళ్లు, తమిళనాడులో ఎస్టీలు. జవ్వాది కొండలంటే ఎక్కడో కాదు, మన కుప్పం నుంచి వాణియంబాడి దిగిపోతే ఆ అవతల ఉండేవి. దుంగ మోసినోడు సినిమాలో సిండికేటుకు నాయకుడైనాడు. నిజంగా మోసినోళ్లు శవాలై ఊరికి పోయినారు. అది ఎన్‌కౌంటరు కాదు, పట్టుకుని చంపినారని హక్కుల సంఘాలు కోర్టుకు పోయినాయి. సినిమా మీద మాకున్న అసలు కంప్లయింటు ఇదే. రక్తం చూపించిందని కాదు, ఆ రక్తం ఎవరిదో మార్చి చూపించిందని. హీరోని నూరుమంది కొట్టినా లేస్తాడు. మనోడు ఒక్క దెబ్బకే లెయ్యడు, లేచినా కేసు నుంచి లెయ్యడు.

సినిమా పిల్లోడిని హంతకుడిని చేస్తుందా? 2025 ఆగస్టులో కూకట్‌పల్లిలో పదో తరగతి పిల్లోడు పక్క బిల్డింగులో ఉన్న పదేళ్ల పాపను చంపిన కేసు గుర్తుందా? క్రికెట్ బ్యాటు కోసం దొంగతనానికి పోయి ఆ పని చేసినాడనీ, ముందే కాగితం మీద ప్లాను రాసుకున్నాడనీ పోలీసులు చెప్పినారు. ఓటీటీలో క్రైమ్ సిరీసులు చూసేవాడని కూడా చెప్పినారు. అంతకు ముందు ఏడాది, 2024 జులైలో, నంద్యాల జిల్లా ముచ్చుమర్రిలో మూడో తరగతి చదివే పాప మీద ముగ్గురు పిల్లోళ్లు చేసిన ఘోరం. ఆ ముగ్గురికీ పన్నెండు, పదమూడేళ్లే. అక్కడా ఫోనులో చూసిన బూతు వీడియోల మాట వచ్చింది.

ఈ రెండు కేసులూ చదివితే ఫోన్లు పగలగొట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ నిదానంగా ఆలోచించండి. అవే సిరీసులు, అవే సినిమాలు కోట్లమంది పిల్లోళ్లు చూస్తా ఉండారు. జపాను, దక్షిణ కొరియా పిల్లోళ్లు కూడా కాల్చుకునే ఆటలు ఆడతారు, ఆ దేశాల్లో హత్యలు ప్రపంచంలోనే తక్కువ. మన దేశంలో పబ్‌జీని 2020 సెప్టెంబరులో నిషేధించినారు. దానివల్ల పిల్లోళ్ల కొట్లాటలు తగ్గినాయని ఎవరన్నా చెప్పగలరా? ఈ సంగతి మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పింది కూడా ఇట్లాంటిదే. హింస ఉన్న ఆటలకూ, అరవడం, తోయడం లాంటి చిన్న దురుసుతనానికీ కొంత సంబంధం కనబడుతోంది గానీ, హత్యల్లాంటి పెద్ద నేరాలకు ఆటలే కారణమని చెప్పడానికి తగిన ఆధారం లేదంది.

సినిమాలను తిట్టేవాళ్లు ఎప్పుడూ చెప్పే ప్రయోగం ఒకటుంది, మనలో డీఎడ్, బీఎడ్ చదివినోళ్లకు తెలుసు. ఆల్బర్ట్ బండూరా బోబో బొమ్మ. పెద్దమనిషి బొమ్మను కొట్టడం చూసిన చిన్నపిల్లోళ్లు తామూ అట్లాగే, అదే సుత్తితో, అవే మాటలంటా కొట్టినారు. అందుకే టీవీ, సినిమా ప్రమాదం అంటారు. కానీ 1961లో చేసిన మొదటి ప్రయోగంలో సినిమా లేదు! అదే గదిలో, పిల్లోడి కళ్ల ముందర, నిజం మనిషి నిలబడి బొమ్మను కొట్టినాడు. సినిమా తీసి చూపించింది తర్వాత, 1963లో. అంటే పిల్లోడు తెర నుంచి నేర్చుకుంటాడు, నిజమే. తెర కంటే ముందు గదిలో ఉన్న మనిషి నుంచి నేర్చుకుంటాడు.

మరి మన గదిలో ఎవరున్నారు?

ఇక్కడికొస్తే పెంపకం మాట వస్తుంది. ఈ మాట మనకు కొత్త కాదని చెప్పాలి. 1871లో బ్రిటిషోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసినారు. కొన్ని జాతుల్లో దొంగతనం పుట్టుకతో వస్తుంది, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది అనేది దాని సిద్ధాంతం. 1911 చట్టంతో అది మన మద్రాసు రాజ్యానికీ వచ్చింది. ఎరుకలవాళ్లను స్టువర్టుపురంలో, కావలిలో సెటిల్‌మెంట్లలో పెట్టి, పొద్దునా రాత్రీ హాజరు వేయించుకున్నారు. పిల్లల్ని అమ్మానాయనల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో రాసుకున్నారు. ఎందుకు? ఆ ఇంట్లో పెరిగితే చెడిపోతారని. మీ పెంపకమే నేరం అని సర్కారు కాగితం మీద రాసి ముద్ర వేసిన జనం మనం. ఆ చట్టాన్ని తీసెయ్యాలా వద్దా అని చూసిన కమిటీకి అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారే. 1952లో అది రద్దయింది. రద్దయినాక కూడా ఊర్లో కోడి పోతే, మోటరు కేబులు పోతే ముందు ఎవరి ఇంటికి వస్తారో మనకు తెలుసు. స్టువర్టుపురం పేరు మీద సినిమాలు ఇంకా తీస్తానే ఉండారు, 2023లో కూడా ఒకటి వచ్చింది.

కాబట్టి "వాళ్ల పెంపకం అంత" అని ఎవరన్నా అన్నప్పుడు మనకు ఒళ్లు మండడంలో న్యాయం ఉంది. పై కులం పిల్లోడు కారుతో మనిషిని గుద్దితే వాడి పెంపకం గురించి ఎవరూ వాళ్ల కులాన్ని అడగరు. "కుర్రతనం" అంటారు. మనోడు సైకిలు చైను తిప్పితే జాతి లక్షణం అయిపోతుంది.

ఇంతవరకు అందరూ చప్పట్లు కొడతారని మాకు తెలుసు. తర్వాతది చదివి కొందరికి కోపం వస్తుంది, రానీ.

బయటోడు ఆ మాటంటే తప్పు. మనలో మనం కూడా దాన్ని ఎత్తకుండా ఉంటే అదీ తప్పే. శాంతిపురం, రామకుప్పం, గుడుపల్లె, మూడు మండలాల్లో మన ఇళ్లల్లో సాయంత్రం ఏడు తర్వాత ఏం జరుగుతుందో మనకు తెలియదా? కర్ణాటక బార్డరు దాటి వచ్చే టెట్రా ప్యాకెట్లు ఎవరు తాగుతా ఉండారు? తాగి వచ్చి అమ్మను కొట్టేది ఏ సినిమా హీరో? ఆ పిల్లోడు ఆరేళ్లప్పటి నుంచి చూస్తా ఉండే సినిమా అది. సెన్సారు లేదు, ఇంటర్వెల్ లేదు. కోపం వస్తే చెయ్యెత్తాలి, ఎత్తినోడికి అన్నం పెట్టాలి, పొద్దున్నే ఏమీ జరగనట్టు ఉండాలి అని వాడు అక్కడ నేర్చుకుంటాడు. ఇందులో జాతి లేదు, రెడ్లలో, నాయుళ్లలో తాగి కొట్టేవాళ్లు లేరా? ఉండారు. వాళ్ల పిల్లోడు గొడవలో ఇరుక్కుంటే స్టేషనుకు ఫోను చేసే మామ ఉంటాడు. మనోడికి లేడు.

ఇంకో రకం ఇల్లు ఉంది, అందులో తాగుడు లేదు, కొట్టుడు లేదు. అసలు మనిషే లేడు. అమ్మానాయన ఇద్దరూ బెంగళూరులో బిల్డింగు పనికి పోయినారు, నెలకోసారో, పండక్కో వస్తారు. పిల్లోడు జేజి దగ్గర. జేజికి కళ్లు కనబడవు, ఫోను చూడ్డం తెలీదు. అమ్మకు పిల్లోడితో మాట్లాడాలని ఉంటుంది కాబట్టి ఫోను కొనిచ్చింది. ఆ ఫోను పాడైపోతుందని ఎవరన్నా అంటే, ఆ తల్లికి మీరేం చెప్తారు? ఫోను లాక్కో అని చెప్తారా? దానిలోంచే కదా ఆమె కొడుకు గొంతు వింటా ఉండేది. దీన్ని చెడ్డ పెంపకం అనే నోరు మాకు లేదు. ఎండల్లో ఇటుకలు మోసి ఫీజు కట్టే ఆమెకంటే ఎక్కువగా బిడ్డ గురించి ఎవరు ఆలోచిస్తా ఉండారు?

మూడోది హాస్టలు. మనలో సగం మందిమి గురుకులాల్లోనో, ఆశ్రమ పాఠశాలల్లోనో, వెల్ఫేర్ హాస్టళ్లలోనో పెరిగినోళ్లమే. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఒక పిల్లోడు ఏడాదిలో ఇంట్లో ఉండేది సెలవు రోజులు. మరి అక్కడ పెంపకం ఎవరిది? వార్డెన్‌ది. వార్డెన్ ఎవరికి తల్లి, ఎవరికి తండ్రి? వందమందికి పైగా ఉండే చోట రాత్రిపూట కాపలాకు ఒక మనిషి ఉంటే ఎక్కువ. సీనియర్లు జూనియర్లను కొట్టేది, బట్టలు ఉతికించుకునేది, అది "హాస్టల్ అంటే అంతే" అని నవ్వుకుంటా చెప్పుకుంటాం మనం. విద్యా హక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ పిల్లలను కొట్టకూడదని స్పష్టంగా రాసింది. కొట్టే అయ్యవారు ఇంకా ఉండారు, కొట్టకపోతే చదువు రాదనే అమ్మానాయనలూ ఉండారు. కొట్టి పెంచినోడు నెమ్మదస్తుడు కాడు. కొట్టడానికి తనకు సైజు వచ్చేదాకా ఆగుతాడు, అంతే.

నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ఏటా వేసే పుస్తకంలో మన వాదనకు పనికొచ్చేది ఒకటుంది. కేసుల్లో పట్టుబడే పిల్లోళ్లలో అత్యధికులు అనాథలు కాదు, వీధి పిల్లలు కాదు, తల్లిదండ్రుల దగ్గర ఉంటున్నవాళ్లే. ఎక్కువమంది 16 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లు. అంటే ఇంట్లో మనిషి ఉన్నంత మాత్రాన సరిపోదు. పదహారేళ్ల పిల్లోడితో కూర్చుని మాట్లాడే మనిషి కావాలి, అమ్మే కానక్కరలేదు. మన పాత పద్ధతిలో అది మేనమామ చేసేవాడు, తండాలో నాయక్ చేసేవాడు. ఏదన్నా గొడవ వస్తే పంచాయితీ రచ్చబండ కాడ తేలేది. ఆ పంచాయితీల్లో అన్యాయాలు కూడా జరిగినాయి, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, దాన్ని బంగారు కాలంగా చెప్పబోం. కానీ కొట్టుకున్న ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టే ఒక చోటు ఉండేది. ఇప్పుడు ఆ చోటు పోయింది, దాని బదులు ఇన్‌స్టా స్టోరీ వచ్చింది. స్టోరీలో తిట్టినోడు వెనక్కి తగ్గలేడు, అందరూ చూసినారు కదా.

మా అభిప్రాయం తేల్చి చెప్పమంటే చెప్తాం. సినిమాది తప్పు ఉంది, కానీ అది చిన్న వాటా. ఇంట్లో తాగుడు, దెబ్బ, వాటిది పెద్ద వాటా. అమ్మానాయన ఊరొదిలి పోవాల్సి రావడం పెంపకం తప్పు కింద రాయడానికి మేము ఒప్పుకోం. అది కరువు, కూలి రేటు, నీళ్లు లేని బోరుబావి కింద రాయాలి. సెన్సారు వాళ్లు ఇప్పుడు యు/ఏలో 7+, 13+, 16+ అని మూడు రకాలు పెట్టినారు, 2023లో చట్టం మార్చి. మంచిదే. మన ఊర్లో థియేటరు గేటు కాడ పిల్లోడి వయసు అడిగినోణ్ని మాత్రం మేము ఇంతవరకు చూళ్లేదు, ఫోనుకైతే గేటే లేదు.

ఇంత రాయడానికి కారణం ఒకటే. కొట్లాటలో తప్పు ఎవరిదైనా, పోయేది మాత్రం మన పిల్లోడి జీవితం. దీనికి రెండు ఉదాహరణలు.

ఎవడో కులం పేరుతో తిట్టినాడనుకో. పబ్లిక్‌లో అట్లా తిట్టడం 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మనోడు చెయ్యెత్తకుండా, సాక్షులను పెట్టుకుని స్టేషనుకు పోతే కేసు మనది. మనోడు రాయి తీసుకుని తల పగలగొడితే? అవతల నుంచి కౌంటరు కేసు వస్తుంది. తర్వాత పెద్దమనుషులు వస్తారు, "నువ్వు తియ్యి, వాళ్లు తీస్తారు" అంటారు. తిట్టినోడు నవ్వుకుంటా పోతాడు. తగ్గకూడదు అనే మాటకు స్టేషనులో అర్థం వేరే ఉంటుంది, తమ్ముళ్లూ. మనం తగ్గకుండా ఉండాలంటే ఆ చెయ్యి రాయి మీదికి కాదు, కంప్లయింటు కాగితం మీదికి పోవాలి.

రెండోది, ఒకవేళ పిల్లోడు కేసులో ఇరుక్కుంటే. పద్దెనిమిది నిండని వాణ్ని లాకప్పులో పెట్టకూడదు, 24 గంటల్లోపల జువెనైల్ జస్టిస్ బోర్డు ముందర హాజరుపరచాలి, 2015 చట్టం ఇది. 16 దాటినోడు హత్యలాంటి ఘోరమైన నేరంలో ఉంటే పెద్దవాడిలాగా విచారించే వీలు కూడా అదే చట్టం ఇచ్చింది, నిర్భయ కేసు తర్వాత తెచ్చినారు. కాబట్టి "మైనరే కదా, ఏం కాదులే" అని ఎవడన్నా చెప్తే నమ్మొద్దండి. ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. పిల్లలకు సంబంధించి ఏ ఆపదకైనా 1098. పిల్లోడు ఎవరితోనూ మాట్లాడకుండా, కోపంతో, నిద్ర లేకుండా ఉంటే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబర్లు జేజి ఇంట్లో గోడ మీద బొగ్గుతో రాసినా పర్వాలేదు.

ఇంక మనం ఏం చెయ్యగలం అనేది. పెద్ద పెద్ద ప్లాన్లు మాకు లేవు. డిగ్రీ అయిపోయి ఊర్లో ఉండే అన్నలు, అక్కలు ఒక్కొక్కరు తమ వీధిలో తొమ్మిది, పది చదివే ఇద్దరు ముగ్గురు పిల్లోళ్లను పట్టుకోండి. క్లాసులు పీకొద్దు. వాళ్లతో కలిసి సినిమా చూడండి, అయిపోయినాక ఆ దుంగ మోసినోళ్లలో నిజంగా ఎవరు బతికినారు, ఎవరు చచ్చినారు అని మాట్లాడండి. జవ్వాది కొండల సంగతి చెప్పండి. తాగి కొట్టే నాయన ఉన్న ఇంటికి ఇద్దరు కలిసి పోండి, ఒక్కరే పోవద్దు. బెంగళూరులో ఉండే అమ్మానాయనలు ఆదివారం ఫోను చేసినప్పుడు "మార్కులెన్ని" అని కాకుండా "ఎవరితో తిరుగుతా ఉండావు నాయనా, ఎవరన్నా ఏమన్నా అన్నారా" అని అడగమని చెప్పండి. ఆడపిల్లలను వెంటబడి ఏడిపించడం ప్రేమ కాదని మన తమ్ముళ్లకు చెప్పాల్సింది మనమే. ఆ విషయంలో సినిమాలు చేసిన చెరుపు గురించి మన అక్కచెల్లెళ్లు ఎవరన్నా వేరే పోస్టు రాస్తే బాగుంటుంది, మాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు.

చివరగా ఒక పని. హాస్టళ్లకు, గురుకులాలకు పిల్లలతో మాట్లాడే కౌన్సెలర్లు కావాలని ఐటీడీఏకు, జిల్లా గిరిజన సంక్షేమ అధికారికి అర్జీ పెట్టాలని అనుకుంటా ఉన్నాం. దానికి ముందు లెక్క కావాలి. మీరు చదివే హాస్టల్లో కౌన్సెలర్ వస్తా ఉండారా లేదా, వస్తే నెలకు ఎన్నిసార్లు, రాత్రి కాపలా ఎంతమంది, పిల్లోళ్లు ఎంతమంది, ఈ నాలుగూ కింద రాయండి. పిల్లోళ్ల పేర్లు మాత్రం రాయొద్దు.